మింగుడు పడనివ్వని అకలేషియా: కీహోల్ ఆపరేషన్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ముద్ద గొంతు దిగుతుంది, ఛాతీ మధ్యలో ఆగిపోతుంది. ఒక్కోరోజు మంచినీళ్లు కూడా అక్కడే నిలిచిపోతాయి. ఇలా చెప్పేవారిలో కొందరికి చివరకు తేలే జబ్బు అకలేషియా. ఆపరేషన్ మాట వినగానే రోగులు, వారి ఇంట్లోవాళ్లు అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాశాం. ఇవి మీ వైద్యుడితో మాట్లాడేముందు చదువుకోవడానికి మాత్రమే. మీ ఒంటికి ఏది తగినదో మీ రిపోర్టులు చూసినవారే చెప్పగలరు.

అకలేషియా అంటే ఏమిటి?

అన్నవాహిక దాదాపు 25 సెంటీమీటర్ల పొడవుండే కండరాల గొట్టం. మింగిన ముద్ద దానంతటదే కిందికి జారిపోదు. పైనుంచి కిందికి వరుసగా కండరం ముడుచుకుంటూ దాన్ని తోస్తుంది. కడుపు మొదలయ్యే చోట ఉండే గుండ్రటి కండరం మామూలు వేళల్లో బిగిసి ఉండి, ముద్ద వచ్చేసరికి వదులవుతుంది. అకలేషియాలో ఈ రెండు పనులూ చెడిపోతాయి. పైనుంచి తోపు రాదు, కింద కండరం సడలదు. తిన్నది, తాగింది అన్నవాహికలోనే నిలవ ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ బరువుకు గొట్టం సాగి వెడల్పవుతుంది.

ఇది నాకే ఎందుకు వచ్చింది?

అన్నవాహిక గోడలో, కండర పొరల మధ్య, ఒక నాడీజాలం ఉంటుంది. అందులో కండరాన్ని సడలించే సంకేతం పంపే కణాలు క్రమంగా నశించిపోతాయి. మన రోగనిరోధక వ్యవస్థే వాటిపై దాడి చేస్తుందనే అభిప్రాయం బలంగా ఉంది. లాటిన్ అమెరికాలో కనిపించే చాగాస్ వ్యాధి కూడా సరిగ్గా ఇలాంటి నష్టమే చేస్తుంది. ఏటా లక్షమందిలో సుమారు ఒకరికి కొత్తగా వచ్చే జబ్బు ఇది. ఆడవారు, మగవారు అనే తేడా లేదు.

తొందరగా తినడం వల్లో, సరిగా నమలకపోవడం వల్లో, దిగులు వల్లో ఇది రాదు. ఈ మాట ఇంట్లోవాళ్లకు కూడా చదివి వినిపించండి. భోజనాల దగ్గర ఏళ్ల తరబడి చీవాట్లు తిన్నవారు ఈ రోగుల్లో చాలామంది ఉంటారు.

నాకు చాలాకాలంగా ఎసిడిటీ మందులే ఇస్తున్నారు. తేడా ఎలా తెలుస్తుంది?

పొరపాటు పడటం సులభం, ఎందుకంటే అకలేషియాలోనూ ఛాతీలో మంట ఉంటుంది. నిలవ ఉన్న ఆహారం అన్నవాహికలోనే పులియడం అందుకు ఒక కారణం. కానీ శ్రద్ధగా అడిగితే తేడా దొరుకుతుంది. ఎసిడిటీలో పైకి వచ్చేది పుల్లగా, చేదుగా ఉంటుంది. అకలేషియాలో పైకి వచ్చేది తిన్నది తిన్నట్టే ఉంటుంది, కడుపు ఆమ్లపు పులుపు ఉండదు, ఎందుకంటే అది కడుపులోకి చేరనే లేదు. రాత్రి పడుకున్నాక నోట్లోకి నురగ, నీళ్లు రావడం, పొలమారి దగ్గుతో లేవడం, ఉదయానికి తలగడ తడిసి ఉండటం కూడా ఈ జబ్బు గుర్తులే.

మరో గుర్తు తినే తీరులో ఉంటుంది. ఈ రోగులు ప్రతి ముద్దకూ గుక్కెడు నీళ్లు తాగుతారు. ముద్ద ఆగినప్పుడు లేచి నిలబడతారు, భుజాలు వెనక్కి విరుస్తారు, ఊపిరి బిగబడతారు. పంక్తిలో అందరికంటే చివర లేస్తారు. క్రమంగా నలుగురిలో తినడమే మానుకుంటారు. ఇంకొకటి: క్యాన్సర్ గడ్డ వల్ల దారి ఇరుకైనప్పుడు సాధారణంగా ముందు గట్టి పదార్థాలు, ఆ తర్వాత ద్రవాలు ఆగుతాయి. అకలేషియాలో మొదటినుంచీ రెండూ ఇబ్బంది పెడతాయి.

ఎండోస్కోపీలో పెద్దగా ఏమీ లేదన్నారు. మళ్లీ ఈ పరీక్షలన్నీ ఎందుకు?

ఎండోస్కోపీ లోపలి పొరను చూపిస్తుంది. కండరం ఎలా పనిచేస్తోందో అది చెప్పలేదు. తొలిదశలో ఎండోస్కోపీ మామూలుగా ఉందన్నంత మాత్రాన అకలేషియా లేదని అర్థం కాదు. అయినా ఆ పరీక్ష తప్పనిసరి. కడుపు మొదట్లో దాగిన క్యాన్సర్ అచ్చం అకలేషియాలా నటించగలదు. వయసు మీరినవారిలో, కొద్ది నెలల్లోనే లక్షణాలు ముదిరి బాగా చిక్కిపోయినవారిలో ఈ అనుమానం ఇంకా ఎక్కువ. వారికి సీటీ స్కాన్ కూడా చేయిస్తారు.

బేరియం పరీక్షలో తెల్లటి ద్రవం తాగించి ఎక్స్‌రేలు తీస్తారు. పైన వెడల్పుగా ఉన్న అన్నవాహిక కింద పక్షి ముక్కులా సన్నబడి కనిపిస్తుంది. 1, 2, 5 నిమిషాలకు మళ్లీ మళ్లీ తీసి ఎంత ద్రవం ఇంకా నిలిచి ఉందో కొలుస్తారు. ఆపరేషన్ తర్వాత ఇదే పరీక్ష మళ్లీ చేసి పోల్చి చూస్తారు కాబట్టి పాత ఫిల్ములు పారేయకండి.

అసలు తీర్పు చెప్పేది మానోమెట్రీ. ముక్కు గుండా సన్నటి గొట్టం అన్నవాహికలోకి దింపి, కొద్దికొద్దిగా నీళ్లు మింగిస్తూ లోపలి ఒత్తిడిని కొలుస్తారు. గొట్టం దిగేటప్పుడు ఓకరింపు వస్తుంది, కళ్లలో నీళ్లు తిరుగుతాయి. ఆ తర్వాత కాసేపటికి సర్దుకుంటుంది. ఈ పరీక్షను బట్టి షికాగో వర్గీకరణ ప్రకారం జబ్బును మూడు రకాలుగా విడదీస్తారు. మొదటి రకంలో అన్నవాహికలో కదలికే ఉండదు. రెండో రకంలో గొట్టం మొత్తంలో ఒకేసారి ఒత్తిడి పెరుగుతుంది. చికిత్సకు అన్నిటికంటే బాగా లొంగేది ఇదే. మూడో రకంలో కండరం అస్తవ్యస్తంగా, బలంగా పట్టేస్తుంది. ఏ రకమో తెలియకుండా ఏ చికిత్స చేయాలో తేల్చడం గుడ్డిగా చేసినట్టే. మానోమెట్రీ లేకుండానే ఆపరేషన్ తేదీ ఇస్తే, అది ఎందుకు అక్కర్లేదో అడిగి తెలుసుకోండి.

మందులతో తగ్గదా?

తగ్గదు. కండరాన్ని కొంత సడలించే మాత్రలు ఉన్నాయి, కానీ వాటి ప్రభావం స్వల్పం, తలనొప్పి, బీపీ పడిపోవడం వంటి ఇబ్బందులు ఎక్కువ. నశించిన నాడీకణాలను తిరిగి మొలిపించే మందు లేదు.

బెలూన్, బొటాక్స్ ఇంజెక్షన్ సంగతి ఏమిటి?

కండరాన్ని సడలించే బొటాక్స్ మందును ఎండోస్కోపీ ద్వారా బిగిసిన కండరంలోకి ఎక్కిస్తారు. చాలామందిలో ఏడాదిలోపే ప్రభావం తగ్గిపోతుంది. పదేపదే వేస్తే ఆ చోట పొరలు అతుక్కుని, తర్వాత చేసే ఆపరేషన్ కష్టమవుతుందని సర్జన్ల ఫిర్యాదు. అందుకే మత్తు తట్టుకోలేని వృద్ధులకు, గుండె లేదా ఊపిరితిత్తుల జబ్బు తీవ్రంగా ఉన్నవారికి దాన్ని ఉంచుకోవడం మంచిది.

బెలూన్ అలా తీసిపారేసేది కాదు. బిగిసిన కండరం దగ్గర బెలూన్‌ను ఉబ్బించి, 30 మిల్లీమీటర్ల వెడల్పుతో మొదలుపెట్టి, అవసరాన్ని బట్టి 35, 40 వరకు పెంచుతూ కండరపు పోగులను చీలదీస్తారు. కోత ఉండదు. 2011లో వెలువడిన యూరోపియన్ అధ్యయనంలో రెండేళ్ల తర్వాత బెలూన్ చేయించుకున్నవారిలో 86 శాతం, కీహోల్ ఆపరేషన్ చేయించుకున్నవారిలో 90 శాతం బాగున్నారు. అంటే తేడా దాదాపు లేదు. అయితే బెలూన్ చాలామందికి ఒక్కసారితో సరిపోదు. కొద్దిమందిలో అన్నవాహికకు చిల్లు పడుతుంది, అప్పుడు అత్యవసరంగా ఆపరేషన్ చేయాల్సి రావచ్చు. చిన్న వయసువారిలో, ముఖ్యంగా మగవారిలో, దాని ఫలితం అంతంతమాత్రం.

కీహోల్ ఆపరేషన్‌లో అసలు ఏం చేస్తారు?

దీని పేరు హెల్లర్ మయోటమీ. మయోటమీ అంటే కండరాన్ని కోయడం. 1913లో జర్మన్ సర్జన్ ఎర్న్‌స్ట్ హెల్లర్ అన్నవాహికకు ముందు వెనకల రెండు కోతలు పెట్టి మొదటిసారి చేశాడు. తర్వాత ముందువైపు ఒక్క కోత చాలని తేలింది. దశాబ్దాలపాటు దీనికోసం పొట్టనో ఛాతీనో పొడుగ్గా తెరిచేవారు. 1991లో స్కాట్లాండ్‌లోని డండీ సర్జన్లు ఇదే పనిని లాప్రోస్కోపీతో, అంటే చిన్న రంధ్రాల గుండా కెమెరా, పరికరాలు పంపే కీహోల్ పద్ధతిలో చేసి ప్రచురించాక పరిస్థితి మారింది.

పూర్తి మత్తు ఇస్తారు. పొట్ట పైభాగంలో నాలుగైదు చిన్న రంధ్రాలు పెడతారు, ఒక్కొక్కటి ఒక సెంటీమీటరుకు అటూ ఇటూగా ఉంటుంది. పని చేయడానికి చోటు కావాలి కాబట్టి కార్బన్ డయాక్సైడ్ నింపి పొట్టను ఉబ్బిస్తారు. కాలేయాన్ని పక్కకు ఎత్తి పట్టి, అన్నవాహిక కడుపులో కలిసే చోటును విడదీస్తారు. అక్కడ పైకి కనిపించే వేగస్ నాడిని జాగ్రత్తగా తప్పిస్తారు.

ఇక అసలు పని. కండరంలో ముందు నిలువు పోగులు ఉంటాయి, వాటి కింద అడ్డపోగులు. నిలువు పోగులను పక్కలకు జరిపి, అడ్డపోగులను కొద్దికొద్దిగా ఎత్తి పట్టుకుని ఒక్కొక్క వరుసా తెంపుకుంటూ పోతారు. అడ్డపోగులు తెగేకొద్దీ వాటి అంచులు రెండు పక్కలకూ వెనక్కి లాక్కుంటాయి, మధ్యలోంచి తెల్లగా నిగనిగలాడే లోపలి పొర బయటికి ఉబ్బుతుంది. సైకిలు టైరు చీలితే లోపలి ట్యూబు ఉబికి వచ్చినట్టే ఉంటుంది ఆ దృశ్యం. ఆ పొర మందం ఒకటి రెండు మిల్లీమీటర్లే. దానికి గాటు పడకూడదు. ఆపరేషన్‌లోని నైపుణ్యమంతా ఇక్కడే ఉంది.

అన్నవాహిక మీద సుమారు 6 సెంటీమీటర్లు, అక్కడినుంచి కడుపు మీదికి మరో 2 లేదా 3 సెంటీమీటర్లు కోత సాగుతుంది. కడుపు మీద పోగుల తీరు మారుతుంది, రక్తం ఎక్కువగా ఊరుతుంది, పొర పలచగా ఉంటుంది. అందుకని చేయి అక్కడ ఆగిపోవాలనిపిస్తుంది. ఆగితే మాత్రం రోగి కొన్నాళ్లకు అదే బాధతో తిరిగి వస్తాడు. ఆపరేషన్ విఫలమవడానికి తరచుగా కనిపించే కారణాల్లో కడుపువైపు కోత చాలకపోవడం ఒకటి.

చివరలో ఎండోస్కోపు దింపి చూస్తారు. కోత పెట్టిన చోటును సెలైన్‌లో ముంచి లోపలినుంచి గాలి ఊదుతారు. బుడగలు వస్తే ఎక్కడో సూది మొనంత చిల్లు ఉన్నట్టే. అక్కడికక్కడే కుట్టేస్తారు.

కోశాక కడుపు పైభాగాన్ని మడిచి కుడతారట, ఎందుకు?

బిగిసిన కండరాన్ని తెంపేశాక కడుపులోని ఆమ్లం పైకి రాకుండా ఆపేది ఏదీ మిగలదు. అందుకే కడుపు పైభాగాన్ని తెచ్చి అన్నవాహికకు పాక్షికంగా కప్పి కుడతారు. ముందువైపు సగం కప్పితే డార్, వెనకవైపునుంచి ముప్పావు వంతు చుట్టితే టూపే పద్ధతి అంటారు. 2004లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో ఇలా కుట్టనివారిలో దాదాపు 48 శాతం మందికి ఆమ్లం పైకి ఎగదన్నితే, డార్ పద్ధతిలో కుట్టినవారిలో అది 9 శాతమే. పూర్తిగా చుట్టి కుట్టడం మాత్రం ఇక్కడ పనికిరాదు. తోసే శక్తి లేని అన్నవాహికకు అది మళ్లీ అడ్డుగోడ అవుతుంది.

పోయెమ్ అంటే వేరే ఆపరేషనా?

తెంపేది అదే కండరం, దారి వేరు. 2008లో జపాన్ వైద్యుడు హరుహిరో ఇనోవే యోకొహామాలో మనుషులకు దీన్ని మొదట చేశాడు. నోటి ద్వారా ఎండోస్కోపు దింపి, అన్నవాహిక లోపలి పొరలో సుమారు 2 సెంటీమీటర్ల గాటు పెడతారు. ఆ పొరకూ కండరానికీ మధ్య నీలిరంగు కలిపిన సెలైన్ ఎక్కించి సొరంగం చేసుకుంటూ కడుపు మొదటిదాకా వెళతారు. సొరంగంలోంచే అడ్డపోగులను కోసి, వెనక్కి వచ్చి, గాటును క్లిప్పులతో మూసేస్తారు. పొట్ట మీద ఒక్క మచ్చ కూడా ఉండదు.

అయితే ఏది చేయించుకోవాలి?

ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే, ఒక్క మాటలో జవాబు లేనిదీ ఇదే. 2019లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం రెండింటినీ ముఖాముఖి పోల్చింది. రెండేళ్ల తర్వాత పోయెమ్‌లో 83 శాతం, కీహోల్ ఆపరేషన్‌లో దాదాపు 82 శాతం సఫలం. తీవ్రమైన దుష్పరిణామాలు పోయెమ్‌లో తక్కువ. కానీ రెండేళ్లకు ఎండోస్కోపీ చేస్తే ఆమ్లం వల్ల అన్నవాహిక ఒరిసిపోయినవారు పోయెమ్‌లో 44 శాతం, కీహోల్‌లో 29 శాతం. పోయెమ్‌లో కడుపును మడిచి కుట్టడం ఉండదు కదా.

మూడో రకం అకలేషియాకు పోయెమ్ మేలని మా అభిప్రాయం. పట్టేసే కండరం ఛాతీలో పైదాకా ఉంటుంది, పొట్టలోంచి అంత ఎత్తుకు కోయడం కుదరదు. ముందునుంచే హయాటల్ హెర్నియా (కడుపు పైభాగం ఛాతీలోకి జారడం) ఉన్నవారికి, జీవితాంతం ఆమ్లం తగ్గించే మాత్రలు వేసుకోవడానికి ఇష్టపడనివారికి కీహోల్ ఆపరేషన్ నప్పుతుంది. మొదటి, రెండో రకాల్లో మాత్రం పద్ధతి పేరుకంటే చేసే చేతికి ఉన్న అనుభవమే ముఖ్యం. ఏది కొత్తదో అదే మంచిదనుకోకండి.

ఆపరేషన్‌కు ముందు కొన్ని రోజులు ద్రవాలే తీసుకోమన్నారు. మామూలుగా రాత్రినుంచి ఉపవాసం ఉంటే చాలదా?

మిగతా ఆపరేషన్లకు చాలు. మీకు చాలదు. నిన్న మొన్న తిన్నది కూడా మీ అన్నవాహికలో నిలిచి ఉండవచ్చు. మత్తు ఇచ్చిన క్షణంలో అది పైకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే ఒకటి రెండు రోజులు, అన్నవాహిక బాగా సాగి ఉంటే ఇంకా ఎక్కువ రోజులు ద్రవాహారం ఇస్తారు. ఆకలికి తాళలేక చాటుగా ఏదైనా తింటే దాచకుండా చెప్పండి. మహా అయితే ఆపరేషన్ వాయిదా పడుతుంది. రక్తం పలచబరిచే మందులు వాడుతుంటే ఆ సంగతీ ముందే చెప్పాలి.

ప్రమాదాలు ఏమిటి?

ప్రధానమైనది లోపలి పొరకు చిల్లు పడటం. వందమందిలో ఐదు నుంచి పదిమందికి పడవచ్చు. అప్పుడే కనిపెట్టి కుట్టేస్తే దాదాపుగా ఇబ్బంది ఉండదు, నోటితో తీసుకోవడం మాత్రం కొంత ఆలస్యమవుతుంది. కనిపెట్టకుండా వదిలేసిన చిల్లే ప్రమాదకరం. ఇతర ఆపరేషన్లలో మాదిరే రక్తస్రావం, ఇన్ఫెక్షన్, కాళ్లలో రక్తం గడ్డకట్టడం వంటివి అరుదుగా జరుగుతాయి. చాలా అరుదుగా కీహోల్‌తో మొదలుపెట్టి పొట్ట తెరవాల్సి వస్తుంది. మెలకువ వచ్చాక భుజం నొప్పి పుడితే కంగారుపడకండి. పొట్టలో మిగిలిన గ్యాస్ డయాఫ్రమ్‌ను (ఛాతీకీ పొట్టకూ మధ్య ఉండే కండరాన్ని) ఒరుసుకోవడం వల్ల వచ్చే నొప్పి అది, రెండు మూడు రోజుల్లో పోతుంది.

ఎప్పటినుంచి తినవచ్చు? పనికి ఎప్పుడు వెళ్లవచ్చు?

చాలామందికి మర్నాడే ద్రవాలు మొదలవుతాయి. కొన్నిచోట్ల ముందుగా ఎక్స్‌రేలో కనిపించే ద్రవం తాగించి, కారడం లేదని చూసుకున్నాకే ఇస్తారు. ఒకటి రెండు రోజుల్లో ఇంటికి పంపుతారు. సుమారు రెండు వారాలు మెత్తటివి, జావలాంటివి తినాలి, ఆ తర్వాత ఒక్కొక్కటిగా గట్టి పదార్థాలు కలుపుకోవచ్చు. పీచు మాంసం, పొడి రొట్టె అన్నిటికంటే చివర. సోడా, కూల్‌డ్రింకులు కొన్నాళ్లు వద్దు, పొట్ట ఉబ్బి కుట్ల మీద ఒత్తిడి పడుతుంది. మాత్రలను పొడి చేయవచ్చో లేదో అడిగి తెలుసుకోండి, అన్నిటినీ పొడి చేయకూడదు.

కుర్చీలో కూర్చుని చేసే పనికి రెండు వారాల్లో వెళ్లిపోవచ్చు. బరువులు ఎత్తే పని అయితే నాలుగు నుంచి ఆరు వారాలు ఆగాలి.

ఆ తర్వాత అందరిలా మింగగలనా?

చాలావరకు, కానీ పూర్తిగా కాదు. ఆపరేషన్ అడ్డం తీసేస్తుందే గానీ పోయిన తోపును తిరిగి తేలేదు. ఇకమీదట ముద్ద కిందికి దిగేది ప్రధానంగా దాని బరువు వల్లనే. అందుకే నిటారుగా కూర్చుని తినాలి, బాగా నమలాలి, మధ్యమధ్య నీళ్లు తాగాలి. తిన్న వెంటనే నడుం వాల్చకూడదు. రాత్రి భోజనానికీ పడకకూ మధ్య మూడు గంటల తేడా ఉండటం, మంచం తలవైపు కాస్త ఎత్తు పెట్టుకోవడం మంచిది. ఈ సంగతి ముందే విననివారు, ఆపరేషన్ బాగా జరిగినా, ఎప్పుడైనా ఒక ముద్ద ఆగితే చాలు జబ్బు తిరగబెట్టిందని బెంగపెట్టుకుంటారు.

ఫలితాన్ని అంచనా వేయడానికి ఎకార్ట్ స్కోరు వాడతారు. మింగుడు పడకపోవడం, తిన్నది పైకి రావడం, ఛాతీ నొప్పి, బరువు తగ్గడం, ఈ నాలుగింటికీ 0 నుంచి 3 వరకు మార్కులు వేస్తారు. మొత్తం 12లో 3 లేదా అంతకు తక్కువ వస్తే చికిత్స ఫలించినట్టే.

ఛాతీ నొప్పి కూడా పోతుందా?

దానికి హామీ ఇవ్వలేం. మింగడం బాగుపడినంతగా నొప్పి బాగుపడదు. వయసు పెరిగేకొద్దీ కొందరిలో దానంతటదే తగ్గుతుంది.

కొన్నేళ్లకు మళ్లీ మొదలైతే?

ముందు కారణం వెతకాలి. కోత చాలలేదా, కోసిన చోట మచ్చ కట్టిందా, మడిచి కుట్టిన భాగం బిగిసిందా, ఆమ్లం వల్ల దారి ఇరుకైందా అన్నది బేరియం, ఎండోస్కోపీ, మానోమెట్రీలతో తేల్చుకోవాలి. తర్వాత బెలూన్‌తో సాగదీయవచ్చు, పోయెమ్ చేయవచ్చు, కొందరికి మళ్లీ కీహోల్ ఆపరేషన్ చేయవచ్చు. అన్నవాహిక బాగా సాగి మెలికలు తిరిగిపోయి, ఏ చికిత్సకూ లొంగకపోతే దాన్ని తీసేసి కడుపునే పైకి లాగి కలపడం చివరి మార్గం. అది పెద్ద ఆపరేషన్. అంతదూరం వెళ్లేవారు కొద్దిమందే.

అకలేషియా ఉంటే క్యాన్సర్ వస్తుందా?

మిగతావారికంటే ముప్పు ఎక్కువే. అయినా ఈ రోగుల్లో అత్యధికులకు క్యాన్సర్ రాదు. జబ్బు మొదలై పదేళ్లు దాటినవారు అప్పుడప్పుడు ఎండోస్కోపీ చేయించుకోవడం మేలని చాలామంది వైద్యులు చెబుతారు. పొగ తాగుతుంటే మానేయండి.

ఇంటికి వచ్చాక ఏం జరిగితే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి?

జ్వరం, తగ్గకుండా పెరుగుతున్న ఛాతీ నొప్పి లేదా కడుపు నొప్పి, ఆయాసం, గుండె దడ, ఆగని వాంతులు, రక్తం పడటం, మెడ దగ్గర చర్మం ఉబ్బి నొక్కితే కరకరలాడటం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లవారేదాకా ఆగవద్దు, దారిలో ఏమీ తినవద్దు, తాగవద్దు. ఆపరేషన్ వివరాలున్న డిశ్చార్జి కాగితం వెంట తీసుకెళ్లండి.